గొణుగుడు ఆగిన ఆంప్

ముందుగానే ఒప్పుకుంటున్నాను. నేను పెంచి చెప్తాను. దోమ కుడితే రక్తం ఎక్కించుకోవాల్సి వచ్చిందని చెప్పే జాతి నాది. మా ఆవిడ నా మాటని సగానికి విరిచి, ఆ సగాన్ని మళ్ళీ విరిచి వింటుంది. మీరూ అలాగే చదవండి. ఇందులో బరువులూ శబ్దాలూ దూరాలూ నేను రాసినంత ఉండవు. అవి కాక ఒకచోట మాత్రం పెంచడం కాదు, పూర్తిగా కల్పించాను. అది ఎక్కడో చివర చెప్తాను. మిగిలినదంతా జరిగింది. జరక్కపోయి ఉంటే బాగుండేది.

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడాది సంగతి. బిలాస్‌పూర్‌లో స్టేషనుకీ రైల్వే కాలనీకీ మధ్య నాకో రిపేరు కొట్టు ఉంది. లోపల ఇద్దరు మనుషులుంటే మూడోవాడు ఊపిరి బయటే పీల్చుకుని రావాలి. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి బొగ్గు ఇంజను మీద ఫైర్‌మ్యాన్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాకు రైల్వే ఉద్యోగం రాలేదు, సోల్డరింగ్ ఐరన్ చేతికొచ్చింది. పెళ్ళిళ్ళ డీజే సెట్లు, గుడి మైకులు, భజన మండలి స్పీకర్లు నాకు అన్నం పెడతాయి. వాల్వు ఆంప్‌లు పెట్టవు సరికదా, ఉన్న అన్నం కూడా అవే తింటాయి. అయినా నా ప్రాణం వాటి మీదే.

తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. గిటార్ తీగలోంచి వచ్చే చీమంత సిగ్నల్‌ని స్పీకర్ కదిలేంత పెద్దది చేసే పెట్టెని ఆంప్ అంటాం. ఇప్పటివాటిలో చిప్పులుంటాయి. పాతవాటిలో వాల్వులు, అంటే పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు బుడ్డీలు. హై గెయిన్ ఆంప్ ఆ చీమని ఒక బుడ్డీలోంచి ఇంకో బుడ్డీలోకి, అందులోంచి మరోదాంట్లోకి తోసి, ప్రతిచోటా మేపి, చివరికి ఏనుగుని చేసి బయటికి వదులుతుంది. శబ్దం గరగరలాడుతూ, అంచులు చిరిగి వస్తుంది. ఆ చిరుగు కోసమే మనుషులు ఆస్తులు అమ్ముకుంటారు. చిక్కేమిటంటే, అది గిటార్‌ని ఎంత పెంచుతుందో ఊళ్ళో ఉన్న పాపిష్టి శబ్దాలన్నిటినీ అంతే పెంచుతుంది.

మా ఊరి పాపిష్టి శబ్దం హమ్. స్పీకర్లో ఆగకుండా వినిపించే గొణుగుడు. ఏ ఊళ్ళోనైనా కరెంటు కొంత గొణుగుతుంది. మాది పట్టాల మీద పుట్టిన ఊరు. నెత్తిమీద ఇరవై ఐదు వేల వోల్టుల తీగ, కాళ్ళకింద పట్టాల్లోంచీ భూమిలోంచీ తిరిగి వెళ్ళే కరెంటు. లైను పక్క క్వార్టర్లో ఆంప్ పెట్టి వాల్యూం తిప్పితే, కట్నీ వైపు నుంచి వచ్చే గూడ్సు సంగతి ఆ దారిలోనే ఉన్న కోటా స్టేషన్‌మాస్టర్ కంటే ముందు మాకే తెలిసిపోతుంది.

ఆ గొణుగుడు పోగొట్టడానికి మా ఊళ్ళో చేసే పని ఒకటుంది. త్రీపిన్ ప్లగ్గు విప్పి ఎర్త్ వైరు కత్తిరించేస్తారు. ఎర్త్ అంటే ఆంప్ ఇనప ఒంటిని భూమికి కట్టిపెట్టే తీగ. లోపల ఏ వైరైనా చిట్లి ఒంటికి తగిలినప్పుడు, కరెంటు ఆ తీగలోంచి భూమిలోకి దూకి ఫ్యూజుని కాల్చేస్తుంది. మనిషి బతుకుతాడు. ఆ తీగ కత్తిరిస్తే చాలాసార్లు హమ్ ఇట్టే ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం ఎంతో హాయిగా ఉంటుంది, ఎందుకు వచ్చిందో మరిచిపోయేంత హాయిగా. కరెంటు తెలియనివాళ్ళు ఈ పని చెయ్యరు, భయపడతారు. చేసేది మా రైల్వేవాళ్ళే. ఇరవై ఐదు వేల వోల్టుల కింద డ్యూటీ చేసి ఇంటికొచ్చినవాడికి గోడలో ఉన్న రెండు వందల ముప్ఫై వోల్టులు పెంపుడు పిల్లిలా కనిపిస్తాయి.

పైడిరాజు అలాంటివాడు. ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో ఫిట్టరు, నాకంటే కొన్నేళ్ళు చిన్న, ఇల్లు లాల్‌ఖదాన్‌లో. ఇంజను కప్పు ఎక్కేముందు పైతీగకి ఎర్త్ రాడ్ తగిలించారా లేదా అని తన కళ్ళతో చూసుకుని, పక్కవాడి కళ్ళతో చూపించుకుని, అప్పటికీ నమ్మక మళ్ళీ చూస్తాడని షెడ్‌లో పేరు. వైరుకి కట్టు కట్టడంలో అతని చెయ్యి వేరు. అందరూ ప్లాస్టిక్ టేపు చుట్టి వదిలేస్తారు. అతను పాత ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న పద్ధతిలో తెల్ల నూలు టేపు వరసగా చుట్టి, చివర చిన్న ముడి వేసి, పైన వార్నిష్ పూస్తాడు. పసిపిల్ల వేలికి కట్టు కట్టినట్టుంటుంది. ఊరు మొత్తం మీద ఆ ముడి అతనిదొక్కడిదే.

అతని తమ్ముడు సంతోష్. తండ్రి పోయాక అన్నే పెంచాడు. ఒక కొరియర్ ఆఫీసులో ఉద్యోగం, మిగిలిన బతుకంతా గిటార్. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన ఇంట్లో పాత ఆంప్ ఒకటి ఉందని, దానిమీద మనీప్లాంట్ కుండీ పెట్టి నీళ్ళు పోస్తున్నారని సంతోష్‌కి తెలిసింది. ఆ రోజు అతను నా కొట్టుకి పరుగెత్తుకొచ్చిన వేగానికి దారిలో రెండు ట్రాఫిక్ సిగ్నళ్ళు సిగ్గుపడి ఉంటాయి.

పాత ఆంప్ కొనడానికి వెళ్ళినప్పుడు నేను ముందు చెవి వాడను, ముక్కు వాడతాను. ట్రాన్స్‌ఫార్మర్ మాడి ఉంటే ఎన్నేళ్ళయినా ఆ వాసన పోదు. ఇది మాడలేదు. ఇంగ్లండ్‌లో తయారైన వంద వాట్ల హెడ్. హెడ్ అంటే స్పీకర్ వేరుగా ఉండే ఆంప్. ఎవరో మహానుభావుడు లోపల ఇంకో వాల్వు చేర్చి గెయిన్ పెంచాడు. దాన్ని మేడ మీంచి దించేటప్పుడు నాకు మా ముత్తాత కనిపించాడు, ఏరా ఇంత బరువు ఎత్తుతున్నావని కూడా అడిగాడు.

కొట్టుకి తెచ్చి ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాను. వాల్వులు మార్చి బయాస్ సరిచేశాను. బయాస్ అంటే వాయించకుండా ఊరికే ఉన్నప్పుడు వాల్వు ఎంత కరెంటు తాగాలో పెట్టే కొలత. తక్కువ పెడితే శబ్దం చల్లారిన ఉప్మాలా ఉంటుంది, ఎక్కువ పెడితే వాల్వు ఎర్రబడి చస్తుంది. ఆ తర్వాత అసలు పని, నాబ్‌లు కుదర్చడం. కొత్తగా కొన్నవాళ్ళు గెయిన్ నాబ్‌ని చివరిదాకా తిప్పుతారు. సంతోష్ కూడా తిప్పాడు. ఆ దెబ్బకి ఊరి చివర ఉస్లాపూర్‌లో గేదెలు పాలివ్వడం మానేశాయి. తగ్గించి చూడు, గెయిన్ తగ్గించి చెయ్యి గట్టిగా వెయ్యి, మిడిల్ పెంచు, బాస్ కొంచెం కొయ్యి అని చెప్పాను. నెలల తరబడి సెలవురోజుల్లో వచ్చి తిప్పుతూ కూచునేవాడు. ఒకరోజు దొరికింది. శబ్దం బొంగురుపోయిన మనిషి గొంతులా వచ్చింది, కానీ ప్రతి మాటా స్పష్టంగా వినబడుతోంది. ఆ చోటు పోకుండా బజార్లో స్టిక్కర్ బొట్లు కొనితెచ్చి ఒక్కో నాబ్ ఎదుట ఒక్కొక్కటి అంటించాడు. ఆంప్ ఇంటికి చేరాక, పెట్టెకి బొట్లు పెట్టి పెళ్ళికూతురిని చేశాడని వాళ్ళమ్మ తిట్టింది.

హమ్ మాత్రం అతని ప్రాణం తీసేది. వచ్చినప్పుడల్లా అదే గోల. ఇది నీ ఆంప్ గొణుగుడు కాదురా, మన ఊరి గొణుగుడు, దీంతోనే కాపురం చెయ్యాలి, ఎర్త్ జోలికి మాత్రం పోకు అని చెప్పేవాణ్ణి. తర్వాత ఎప్పుడో అతను హమ్ సంగతి ఎత్తడం మానేశాడు. అలవాటు పడ్డాడనుకున్నాను.

వినాయక చవితి పందిరిలో పోయాడు.

నేను అక్కడ లేను. ఉన్నవాళ్ళు చెప్పింది ఇది. పొద్దున్నించీ వాన. పందిట్లో దేవుడున్నాడని వాయించేవాళ్ళు కూడా చెప్పులు విప్పి స్టేజి ఎక్కారు. సంతోష్ ముందు కాసేపు వాయించాడు, ఏమీ కాలేదు. పాట అందుకోవడానికి మైకు దగ్గరికి వంగాడు. పెదవులు మైకుకి తగిలాయి, చేతులు తీగల మీద ఉన్నాయి. అలాగే నిలబడిపోయాడు. పాడుతున్నాడని కొందరు చప్పట్లు కొట్టారు. ఎవరో మెయిన్ లాగేశాకే కింద పడ్డాడు.

మైకు సెట్టు మంచిది కాదని పందిరివాళ్ళన్నారు. వాన అని మైకువాళ్ళన్నారు. కాగితాల మీద విద్యుదాఘాతం అని రాసి మూసేశారు.

చలికాలంలో పైడిరాజు ఆ ఆంప్‌ని ఆటోలో తెచ్చాడు. ఆటో డ్రైవరూ నేనూ దింపుకున్నాం. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు, చేతులు స్వెట్టర్ జేబుల్లో ఉన్నాయి.

"ఇప్పి సూడన్నా," అన్నాడు. "ఏటైందో సూడు."

నాకంటే నీకే బాగా వచ్చు కదా, నువ్వే విప్పి చూసుకోవచ్చు కదా అన్నాను.

"నా సేతులు దాని మీదికి ఎల్లట్లేదు."

వాళ్ళమ్మ ఆంప్ అమ్మనివ్వడం లేదట, అలాగని ఎదురుగా ఉంటే చూడలేకపోతోందట. ఉంచినా అమ్మినా ముందు తనకి తెలియాలి అన్నాడు. ఏం తెలియాలో చెప్పలేదు. టీ తెప్పిస్తానన్నాను. వద్దని వెళ్ళిపోయాడు.

ముందు ప్లగ్గు విప్పాను. ఎర్త్ పిన్ను ఖాళీగా ఉంది. వైరు పొట్టిగా కత్తిరించి వెనక్కి మడిచి ఉంది. దానిమీద తెల్ల నూలు టేపు, వరసగా, చివర ముడి, పైన వార్నిష్. నా జన్మలో అంత శుభ్రమైన తప్పు పని చూడలేదు.

తర్వాత లోపల. మెయిన్ స్విచ్చికి వెళ్ళే వైరు పైతొడుగు ఏళ్ళ తరబడి వాల్వుల వేడికి గట్టిపడి, ఆటోల కుదుపుల్లో ఒకచోట పెచ్చులూడి రాగి బయటపడింది. ఆ రాగి ఆంప్ ఒంటికి ఆనుకుని ఉంది. మా వృత్తిలో సిరీస్ బల్బు అని ఒకటుంటుంది, కరెంటు ఎక్కడ కారుతోందో అక్కడ వెలిగి చూపిస్తుంది. ఆంప్ ఒంటికి తగిలించగానే వెలిగింది. గిటార్ తీగలు ఆంప్‌లోకి గుచ్చే వైరు ద్వారా ఆ ఒంటికే కట్టి ఉంటాయి. మైకు మాత్రం అవతల మైకు సెట్టు మిక్సర్ ద్వారా భూమికి కట్టి ఉంది. చేతుల్లో పూర్తి కరెంటు, పెదవుల దగ్గర భూమి. మధ్యలో సంతోష్. వైర్లు పాతబడతాయి, అది వాటి స్వభావం. పాతబడతాయనే ఎర్త్ పెట్టారు. ఆంప్ ఫ్యూజు తీసి చూశాను. చెక్కుచెదరలేదు. ఎర్త్ ఉండి ఉంటే అది కాలేది, అంతే, ఆ పూట కచేరీ ఆగేది.

ఆ వైరు తీసేసి కొత్తది వేశాను. ఎర్త్ కలిపాను. బయాస్ మళ్ళీ చూశాను. పాత వైరు ముక్కని పారెయ్యబోయి బల్ల సొరుగులో వేశాను. బొట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, నాబ్‌లు వాటి ఎదుటే ఉన్నాయి. తుడిచేటప్పుడు కూడా వాటిని ముట్టుకోలేదు.

పైడిరాజు తన రెస్టు రోజున వచ్చాడు. స్టూలు మీద కూచున్నాడు. ఆంప్ ఆన్ చేసి వాల్వులు వేడెక్కనిచ్చి స్టాండ్‌బై స్విచ్చి వేశాను. వాల్వులకి అసలు వోల్టేజీ అప్పుడు అందుతుంది, ఆంప్ అప్పుడు నిద్ర లేస్తుంది. లేచీ లేవగానే గొణగడం మొదలుపెట్టింది. పైడిరాజు స్టూలు మీంచి లేచాడు.

"ఇదే," అన్నాడు. "ఈ గోలే వొద్దనీవోడు. అన్నా ఆపు, అన్నా ఆపు అని నా ఎనకాల తిరిగీవోడు. సిన్నోడప్పుడు బొమ్మ ఇరిగితే ఎలాగ తిరిగీవోడో అలాగ."

నేను వాల్యూం తగ్గించబోయాను. వద్దన్నాడు. లైను మీద ఏదో బండి వెళ్ళినట్టుంది, గొణుగుడు పెరిగి తగ్గింది. అది పూర్తిగా తగ్గేదాకా విన్నాడు.

"ఎర్త్ నానే తీసినాను. నీకు తెలుసు, ముడి సూసుంటావు."

"చూశాను."

"సెప్పు మరి. నానేనా?"

ఎవరైనా టైమెంతైందని అడిగితే గడియారం ఎలా కనిపెట్టారో చెప్పేవాణ్ణి నేను. ఆ క్షణంలో నా నోటికి ఒక్క విశేషణం దొరకలేదు.

"కాదు," అన్నాను. "మైకులో వచ్చింది. తడి స్టేజి, ఉత్త కాళ్ళు."

"ఆంప్?"

"ఆంప్ బాగానే ఉంది."

నా మొహంలోకి చూశాడు. ఫిట్టరు చూపు అది, ఎక్కడ వదులుగా ఉందో వెతికే చూపు. నేను సోల్డరింగ్ ఐరన్ తుడుస్తూ నిలబడ్డాను.

"నువ్వు గ్లాసు నీళ్ళు తాగితే అర్పా నది తాగీసినాననీవోడివి," అన్నాడు. "ఇయ్యాల ఇంత సిన్నగా సెప్పినావంటే అది నిజమే అన్నా."

జేబుల్లోంచి చేతులు తీశాడు. ఆంప్ హ్యాండిల్ పట్టుకుని తనే ఎత్తాడు. రోడ్డు మీద ఆటో కోసం నిలబడి ఏడ్చాడు. నాకు కనబడకుండా అటు తిరిగి ఏడ్చాడు. ఒక మంచి పని చేశానని ఆ రోజంతా అనుకున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు, చెప్తే విరిచి చూస్తుందని.

మళ్ళీ వానాకాలం వచ్చేముందు ఉస్లాపూర్ నుంచి ఒక బ్యాంకు ఆఫీసరుగారు తన ఆంప్ తెచ్చారు. వరంగల్ ఆయన, ఇక్కడికి బదిలీ మీద వచ్చారు. నలభై దాటాక గిటార్ పిచ్చి పట్టింది. ఆ వయసులో పట్టిన పిచ్చి పోదు. ఆయనదీ పాత హై గెయిన్ వాల్వు ఆంపే, పూణేలో పాత ఆంప్‌లు సేకరించే ఎవరి దగ్గరో కొన్నారు. ఒక నాబ్ కరకరమంటోందని తెచ్చారు. కానీ నాబ్ సంగతి తర్వాత, ముందు ఇది వినండి మూర్తిగారూ అని ఆన్ చేశారు. విన్నాను. ఏమీ లేదు. వాల్యూం పెంచారు. అప్పటికీ ఏమీ లేదు. బావిలో చెవి పెట్టినట్టుంది.

"నిశ్శబ్దం ఎట్లుంది?" అన్నారు, తనే తయారు చేసినంత గర్వంగా.

ఎవరు చేశారని అడిగాను.

"లోకో షెడ్‌లో పైడిరాజుగారని ఉన్నరు. ఒక్క రూపాయి తీసుకోలే. గిటార్ వాయించేటోళ్ళు ఎవరున్నా ఇంటికొచ్చి హమ్ తీసి పోతున్నరు. తమ్ముడు పోయిండట కదా, ఆయనకి హమ్ అంటే పడేది కాదట. తమ్ముడి పేరు మీద చేస్తున్న అన్నరు."

ప్లగ్గు విప్పాను. తెల్ల టేపు, ముడి, వార్నిష్. ఈ ముడి ఇంకా అందంగా ఉంది.

ఆఫీసరుగారు ఏమైంది అంటున్నారు. నేను చెప్పేదాకా దీన్ని ఆన్ చెయ్యకండి అన్నాను. పైడిరాజు తమ్ముడి ఆంప్‌కి చేసిందే నేను పైడిరాజుకి చేశాను. లోపల గొణుగుతున్నదాన్ని కత్తిరించి, నీట్‌గా చుట్టి, బాగుందని పంపాను. అతను ఆ హాయిని ఇంటింటికీ పంచుతున్నాడు. వానలు రాబోతున్నాయి. ఊళ్ళో ఎన్ని ప్లగ్గుల్లో ఆ ముడి ఉందో నాకు తెలియదు, ఆ ప్లగ్గుల వెనక ఎన్ని వైర్లు పెచ్చులూడుతున్నాయో దేవుడికి కూడా తెలియదు.

సొరుగులోంచి పాత వైరు ముక్క తీసుకుని, కొట్టు మూసి లాల్‌ఖదాన్ వెళ్ళాను.

ముందుగదిలో ఆంప్ ఉంది, మీద ఉతికిన తువ్వాలు కప్పి. వాళ్ళమ్మ కూచోమంది, మంచినీళ్ళిచ్చింది. పైడిరాజు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. బయటికి పిలిచాను. ఇంటి వెనక, లైనుకి కట్టిన గోడ దగ్గర నిలబడ్డాం. స్విచ్చి వైరు, సిరీస్ బల్బు, కాలని ఫ్యూజు, మైకు వైపు ఎర్త్, అన్నీ వరసగా చెప్పాను. ఏదీ పెంచలేదు. కానీ పొడుగ్గా చెప్పాను, తడబడి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ మొదలుపెట్టి చెప్పాను.

"ఏటన్నా ఇది," అన్నాడు. "ఆ రోజు సిన్నగా సెప్పినావు. ఇయ్యాల ఇంత పొడుగు సెప్తన్నావు. నానేది నమ్మాల?"

"ఇది."

"పెంచతన్నావు."

"లేదు."

"నీకు అలవాటే కదా. ఊరందరికీ తెలుసు."

ఏ మాట చెప్పినా నమ్మడని అర్థమైంది. వైరు ముక్క అతని చేతిలో పెట్టాను. వెలుతురుకి ఎత్తి చూశాడు. పెచ్చులూడిన చోట గోరుతో గీకాడు. రాగి మీద నల్లటి మచ్చ ఉంది, ఒంటికి ఆనిన చోట. ఫిట్టరుకి అంతకంటే చెప్పక్కర్లేదు. అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాడు, ఇంకేదైనా కారణం ఆ మూరెడు వైరులో దొరుకుతుందేమో అన్నట్టు.

"ఇది అప్పుడే నీకాడ ఉందా?"

"ఉంది."

"నాను ఆటో కోసం నిలబడ్డప్పుడూ?"

"సొరుగులో ఉంది."

లోపలినించి వాళ్ళమ్మ, ఎవరితోరా మాటలు, మూర్తిని లోపలికి తీసుకురా, తిని వెళ్తాడు, చెట్నీ నూరతాను అంటోంది. అతను ఆ ముక్కని చొక్కా జేబులో పెట్టుకుని బొత్తం పెట్టుకున్నాడు.

"ఎల్లిపో అన్నా," అన్నాడు. గట్టిగా అనలేదు.

ఆ సాయంత్రమే పనిముట్ల సంచీ వేసుకుని బయల్దేరాడని తర్వాత తెలిసింది. ఎవరెవరి ఇంట్లో తీశాడో అన్ని ఇళ్ళకీ వెళ్ళాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ప్లగ్గు విప్పడం, ఎర్త్ కలపడం, లోపలి వైర్లు చూడడం, పాతబడినవి మార్చడం, వెళ్ళిపోవడం. బ్యాంకు ఆఫీసరుగారు నాకు ఫోన్ చేసి వాపోయారు, హమ్ మళ్ళీ వచ్చేసింది, ఆయన ఏదో చెడగొట్టి పోయిండు అని. రానివ్వండి సార్, అది మీ కాపలాదారు అన్నాను. ఆయనకి నచ్చలేదు.

కొన్నాళ్ళకి ఒక ఆదివారం పైడిరాజు నా కొట్టుకి వచ్చాడు. టీ తెప్పించాను, ఈసారి వద్దనలేదు. గ్లాసు సగం తాగి, నువ్వు సెప్పకపోతే ఇంకోడి తమ్ముడు పోయీవోడన్నా, నీ మీద నాకు కోపం లేదు అన్నాడు. సంతోష్ ఆంప్‌ని తనే అప్పుడప్పుడు ఆన్ చేసి ఊరికే వింటున్నానని చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, అర్పా నది ఎలాగుంది, ఇంకా తాగతన్నావా అని నవ్వాడు.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. ఏ ఆంప్ వచ్చినా, ఏ రోగంతో వచ్చినా, ముందు ప్లగ్గు విప్పుతాను. గొణిగే ఆంప్ వస్తే స్థిమితంగా ఉంటుంది. మరీ నిశ్శబ్దంగా ఉన్నది వస్తే వెంటనే ప్లగ్గు లాగేస్తాను. పాత ఆంప్ కొనేవాళ్ళు టోన్ గురించి అడుగుతారు, వాల్వుల బ్రాండు అడుగుతారు. ముందు మెయిన్ వైరు మార్పించండి, ఎర్త్ చూపించుకోండి, ఆ తర్వాతే గెయిన్ మాట ఎత్తండి అని చెప్తాను. మనుషుల విషయంలో నేర్చుకున్నది ఇంతకంటే కష్టమైనది. అడిగినవాడికి నిజం ఆ రోజే ఇచ్చి ఉంటే అతను నా ఎదుట కూలిపోయేవాడు. కూలితే పట్టుకోవడానికి నేను అక్కడే ఉన్నాను. పట్టుకోవడం చేతకాక అబద్ధం చెప్పాను, దానికి దయ అని పేరు పెట్టుకున్నాను.

ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. కోటా స్టేషన్‌మాస్టర్‌నీ, ఉస్లాపూర్ గేదెల్నీ, మా ముత్తాతనీ మీరు ఈపాటికి తగ్గించుకునే ఉంటారు. నేను పూర్తిగా కల్పించింది ఆ ఆదివారాన్ని. పైడిరాజు రాలేదు. టీ తెప్పించలేదు. కోపం లేదని ఎవరూ అనలేదు. బజార్లో ఎదురైతే రోడ్డు దాటి అటువైపు వెళ్తాడు. సంతోష్ ఆంప్‌ని ఎవరైనా ఆన్ చేస్తున్నారో లేదో నాకు తెలియదు. పైడిరాజు హిందీ మీడియంలో చదివాడు, తెలుగు చదవలేడు. ఎవరైనా ఇది అతనికి చదివి వినిపిస్తే, ఆ ఆదివారం దగ్గర చదవడం ఆపకండి. ఇక్కడిదాకా చదవండి.

అప్పుడప్పుడూ ఎవరింటి నుంచో ఒక ఆంప్ నా కొట్టుకి వస్తుంది. ప్లగ్గు విప్పుతాను. ఎర్త్ వైరు కలిపి ఉంటుంది, గట్టిగా, మెరిసే సోల్డరుతో. అతుకు మీద తెల్ల నూలు టేపు, చివర ముడి. ప్లగ్గు మూసేసి, ఆంప్ ఆన్ చేసి, వాల్వులు వేడెక్కాక స్టాండ్‌బై స్విచ్చి వేస్తాను. గిటార్ ముట్టుకోను. కాసేపు ఆ గొణుగుడు వింటాను.